నబీసా నోరు

ఆశ్రమం,
బైర్లూటి దాటి అడవిలో,
12 ఆగస్టు 2025

నా నబీసాకు,

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి నువ్వు బజ్జీల బాణలి ముందు ఉంటావు. పొయ్యి ఆర్పు. చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని చదువు. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు. నాకేమీ కాలేదు, కంగారు పడకు. రెండు పూటలా రాగిసంగటి పెడుతున్నారు, అందులో ఒక పూట ఉప్పు కూడా ఉంటోంది.

ఇక్కడ చేరిన రోజే ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. వేయకపోయినా ఒరిగేదేమీ లేదు, ఈ అడవిలో కోతి కొమ్మ చివరికి ఎక్కినా సిగ్నల్ అందదు. అందుకే ఉత్తరం. మన పొద్దుటి గిరాకీ, శ్రీశైలం బస్సు నడిపే నరసన్న, ఆశ్రమం దారి దగ్గర రోజూ ఒక నిమిషం ఆపుతాడు. ఆయన చేతికే ఇస్తున్నాను. పంతొమ్మిదేళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డ వాళ్ళం, ఒకరికొకరు ఉత్తరం రాసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు చూడు. నువ్వు చెప్పేదానివి, నేను వినేదాన్ని, అంతే.

ముందుగా నీకు కృతజ్ఞత చెప్పుకోవాలి. ఇక్కడి అమ్మగారు రోజూ అంటుంటారు, లోపల శాంతి నిలవాలంటే పడుకునే ముందు మనకు మేలు చేసిన వాళ్ళను తలుచుకోవాలని. నేను మొదట శ్రీశైలం మల్లన్నను తలుచుకుంటాను, తరువాత ఆ కన్నడ అమ్మను, ఆ తరువాత నిన్ను. మూడో స్థానమని మూతి ముడుచుకోకు. పైనున్న ఇద్దరిలో ఒకరు దేవుడు.

ఆ కన్నడ అమ్మ సంగతి నీకు పదిసార్లు చెప్పాను, పదకొండోసారి విను. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి వేలమంది మన ఆత్మకూరు మీదుగా అడవి దారిన శ్రీశైలం నడిచిపోతారు. ప్రతి ఏడూ మనం హోటలు ముందు పందిరి వేసి వాళ్ళకు మజ్జిగ పోస్తాం, పగిలిన కాళ్ళకు నూనె రాసి ఒత్తుతాం. నడవడం వాళ్ళ వంతు, కాళ్ళు పట్టడం మన వంతు. ఈ ఏడు ఎందుకో నాకూ నడవాలనిపించింది. వెంకటాపురం, నాగలూటి దాటేదాకా బాగానే ఉంది. పెద్దచెరువు దగ్గరికి వచ్చేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కి కూలబడ్డాను. అప్పుడు ఎవరో ముసలమ్మ, నొసటి నిండా విభూతి, నా ముందు కూర్చుని "కాలు కొడవ్వా" అంది. కాలు ఇలా ఇవ్వమ్మా అని. ఇన్నేళ్ళు ఎందరివో కాళ్ళు పట్టాను గాని, నా కాళ్ళు ఎవరూ పట్టలేదు నబీసా. ఆమె నా పాదం ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతుంటే ఏడుపు ఆగలేదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయాక లోపల ఏమీ మిగల్లేదు. భయం లేదు, బరువు లేదు. చెరువులో నీళ్ళు, ఒడ్డున చెట్లు, నేను, అన్నీ ఒకటే అన్నట్టు ఉండిపోయాను. మిగిలిన దారి నేను నడిచానో, ఎవరైనా నడిపించారో ఇప్పటికీ తెలియదు.

దాన్ని ఇంటికైతే తెచ్చుకున్నాను, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హోటల్లో అడుగుపెడితే కుక్కరు కూత, బస్సుల హారన్లు, వాటన్నిటినీ మించి నీ నోరు. తెచ్చుకున్న శాంతి మధ్యాహ్నానికే ఆవిరైపోయేది. అందుకే తెల్లవారుజామున గిరాకీ రాకముందు సామాన్ల గదిలో తలుపేసుకుని ధ్యానం మొదలుపెట్టాను. లోపల ఉన్నప్పుడు పిలవొద్దని నీకు గట్టిగా చెప్పాను. మే నెలలో ఒక రోజు ఉగ్గానికి బొరుగులు నీళ్ళలో వేసి, పిండడానికి ఇంకో రెండు నిమిషాలు ఉంది కదా అని గదిలోకి పోయి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అరగంట. ఐదు శేర్ల బొరుగులు జావ. వాటితో బస్టాండు గోడలకు పోస్టర్లు అంటించుకోవచ్చు. "పిలవాలని తెలీదామే నీకు?" అని నీ మీద పడ్డాను. "నువ్వే గదక్కా పిలవద్దంటివి" అన్నావు. దానికి నేను, "దినమంతా వాగేదానివి, వాగాల్సినప్పుడు వాగవు. నీ నోరు మూతబడితే తప్ప నాకు శాంతి రాదే" అన్నాను. అప్పుడే బస్సు దిగిన జనం అంతా విన్నారు.

కోపంలో జారిన మాట, నువ్వు పట్టించుకోలేదనే అనుకుంటున్నాను. ఇప్పుడెందుకు గుర్తు చేస్తున్నానంటే, అసలు అద్భుతం ఆ తరువాతే జరిగింది. రెండు నెలలు హోటలు ఎంత నెమ్మదిగా మారిపోయిందో నువ్వూ గమనించే ఉంటావు. గిరాకీల అరుపులు తగ్గాయి. రేడియో వినపడలేదు. గరిటె చప్పుడు కూడా మెత్తబడింది. ఉల్లిగడ్డలు కోస్తున్నా ధ్యానంలో ఉన్నట్టే ఉండేది. ఈ సంగతి చెబితే అమ్మగారు, లోపల నిశ్శబ్దం కుదిరిన వాళ్ళకు బయటి గోల వినిపించదని అన్నారు. అంటే నా సాధన ఫలించిందన్నమాట! ఇంత చిన్న సాధనకే ఇంత వస్తే, అన్నీ వదిలేసి కూర్చుంటే ఎంత వస్తుందోనని ఆశ పుట్టింది.

కాబట్టి పది రోజులకని వచ్చిన దాన్ని, ఇక తిరిగి రాను. ఇక్కడే ఉండిపోతాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, నాకోసం ఎదురుచూసే వాళ్ళు ఎవరూ లేరు. హోటలు నువ్వు నడుపుకో, కావాలంటే పేరు కూడా మార్చుకో. నేను నీకు చేసిన దానికంటే నువ్వు నాకు చేసిందే ఎక్కువ, అది ఒప్పుకుంటాను. మీ ఆయన దాదా ఖలందర్‌ను అడిగానని చెప్పు. నా మీద కోపం పెట్టుకోకు.

ఎక్కడున్నా నీ మేలు కోరే
సుబ్బక్క

*

ఆశ్రమం,
3 సెప్టెంబరు 2025

నబీసా, నా తల్లీ,

మూడు వారాలైంది, నువ్వు జవాబు రాయలేదు. రాయవు. ఎందుకు రాస్తావు?

ముందు నా సాధన ముచ్చట చెబుతాను, నవ్వుకో. నా గదిలో నంద్యాల నుంచి వచ్చిన ఆనందం అనే ఆవిడ ఉంది. మంచి మనిషి. గురక మాత్రం బొగ్గుల ఇంజనే. వారం ఓర్చుకున్నాను, పది రోజులు ఓర్చుకున్నాను. పోయిన సోమవారం అందరికీ మౌనవ్రతం. ఆ రోజే నీళ్ళ తొట్టి దగ్గర ఆమె నా చెంబు తీసుకుందని నోటికొచ్చినట్టు తిట్టాను. అడవి అంతా ప్రతిధ్వనించింది. అమ్మగారు వచ్చి, "మల్లా శాంతి ఎంతసేపుండె సుబ్బమ్మా?" అన్నారు. "గురక మొదలయ్యేదాకా ఉండెనమ్మా" అన్నాను. ఆమె నవ్వి వెళ్ళిపోయారు. నాకు నవ్వు రాలేదు. బస్టాండు మధ్య రెండు నెలలు నిలిచిన శాంతి, చీమ చిటుక్కుమనని అడవిలో ఎందుకు నిలవలేదా అని తల బద్దలు కొట్టుకున్నాను.

ఆ ఉత్తరం ఇచ్చాక మళ్ళీ నిన్ననే రోడ్డు దాకా వెళ్ళాను. నరసన్న కూరగాయల మూట దించుతూ, "అక్కా, నబీసక్కకు గొంతు బాగైంది, తెలుసునా?" అన్నాడు.

"దాని గొంతుకు ఏమయిందప్పా?" అన్నాను.

"యాడుండావక్కా నువ్వు! పక్కనే ఉండి తెలీదంటావా? రెండు నెల్లు నోరు తెరవల్యా గదా. ఎన్ని బజ్జీలు కావల్లని ఏళ్ళు చూపిచ్చి అడిగేది. రేడియో తీసి లోపల పెట్టేసె. ఎవరన్నా గట్టిగా మాట్లాడితే పెదాల మీద ఏలు పెట్టి, నువ్వు కూర్చునే గది చూపిచ్చేది. గొంతులో గడ్డ లేసిందేమో అని మేమంతా శానా బాధపడితిమి. దాదా ఖలందరన్న దర్గాలో సదివింపులు గూడ చేయిచ్చినాడు. నువ్వు ఈడికి బస్సెక్కిన మర్నాడు పొద్దున పోతే, 'రా నరసన్నా, మొగం అట్ల పెట్టినావు, పెండ్లాం తన్నిందా?' అనె. బస్టాండంతా సప్పట్లు కొట్టిరి పో!"

ఆయన హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కూరగాయల మూట మీదే కూర్చుండిపోయాను.

నా సాధన అనుకున్నది నీ మౌనం. పక్కన నిలబడ్డ మనిషి రెండు నెలలు మాట్లాడకపోతే కనిపెట్టలేదంటే నన్ను ఏమనాలి? ఏదైనా అడిగితే తల ఊపేదానివి, నాకు అదే చాలనిపించింది. నువ్వు నోరు కట్టుకుంటే, నేను కళ్ళు మూసుకుని, ఆహా, నా లోపలి వెలుగు బయటికి పాకుతోంది అనుకున్నాను. ఛీ.

ఒకటి గుర్తొస్తే దాని వెనకే ఇంకొకటి వస్తోంది. నేను అడవిలో నడిచిన ఆ ఐదు రోజులూ రంజాను నెల. నువ్వు రోజా ఉన్నావు. గుటక నీళ్ళు మింగకుండా, మార్చి ఎండలో, పొయ్యి ముందు ఒక్కదానివే నిలబడి వచ్చినవాళ్ళకల్లా మజ్జిగ పోశావు. నేను వచ్చి నీకు అడవి కథ చెప్పాను. నువ్వు ఎట్లా ఉన్నావని అడగలేదు. నువ్వు పోసిన ఆ మజ్జిగ నీళ్ళ మీద నడిచి నేను దేవుణ్ణి చూసి వచ్చానని ఇప్పుడు తెలుస్తోంది. రాత్రి తలుచుకునే వరస మార్చాను. మల్లన్నకు ఏమీ కోపం రాలేదు.

ఇంకొకటి ఉంది. నీ ఎదురుగా నిలబడి చెప్పలేనిది.

శివాని పోయిన మూడు నెలలకు నువ్వు మా ఇంటికి వచ్చావు. నేను గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాను. "లెయ్యక్కా, హోటలు పెడదాం. నువ్వు ఉల్లిగడ్డలు కొయ్యి. ఏడ్చినా ఎవురికీ తెలీదు" అన్నావు. అట్లా మొదలైంది మన హోటలు. ఆ రోజు నుంచి నా బిడ్డ పేరు నేను నోటితో అనలేదు. ఆరేళ్ళ పిల్ల, నాలుగు రోజుల జ్వరం. ఆఖరి పూట దాని పాదాలు చల్లబడుతుంటే ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతూ కూర్చున్నాను. ఒత్తితే వేడెక్కుతాయనుకున్నాను. డాక్టరు వచ్చి చేయి పట్టి ఆపేదాకా ఒత్తుతూనే ఉన్నాను. ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఏటేటా ఆ యాత్రికుల కాళ్ళు నేనెందుకు అంత పట్టుబట్టి ఒత్తేదాన్నో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

పెద్దచెరువు దగ్గర ఆ అమ్మ నా పాదం ఒళ్ళో పెట్టుకోగానే "శివానీ" అని అరిచాను. అది ఎవరి పేరో ఆమెకు తెలియదు. "అళవ్వా, అళు" అంది. ఏడువమ్మా, ఏడువు అని. అంతే నబీసా. నాకు కలిగిన మేలుకొలుపంతా అదే, ఆ పేరు నోటితో అనడం. సామాన్ల గదిలో నేను చేసింది ధ్యానమూ కాదు, జపమూ కాదు. తలుపేసుకుని నా బిడ్డ పేరు అనుకునేదాన్ని. కాసేపటికి బరువు దిగి నెమ్మది వచ్చేది. ఆ నెమ్మది ఎక్కడ పోతుందోనని భయపడి నీ నోరు కట్టేశాను.

ఈ రోజు అమ్మగారికి అంతా చెప్పాను. "ఇంటికి పో సుబ్బమ్మా. ఈడ కూర్చునేవాళ్ళు శానామంది ఉండారు. ఆడ ఉల్లిగడ్డలు ఎవరు కోస్తాండారో ఏమో" అన్నారు.

రావాలని ఉంది. గోలలోకే రావాలని ఉంది. కానీ నువ్వు రమ్మంటేనే బస్సెక్కుతాను. నాకోసం నువ్వు చేసిన త్యాగానికి ఏం చేసినా సరిపోదు. తిట్టాలనుంటే తిట్టు. తిట్టడానికైనా నోరు తెరువు.

నీ జవాబు కోసం చూసే
సుబ్బక్క

*

ఆత్మకూరు బస్టాండు,
8 సెప్టెంబరు 2025

సుబ్బక్కకు నబీసా సలాములు.

నీ మొదటి ఉత్తరం కూర్చునే చదివాను. చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను, గ్యాసు పొయ్యి కాబట్టి బతికిపోయింది. నీకోసం ఎదురుచూసే వాళ్ళు లేరని రాశావే, ఆ ఒక్క మాటకే మూడు వారాలు జవాబు రాయలేదు. మిగతావన్నీ క్షమించాను. దానికి ఇంకా కొంచెం సమయం పడుతుంది.

రెండో ఉత్తరంలో నన్ను పెద్ద అవులియాను, మహాత్మురాలిని చేసి కూర్చోబెట్టావు. త్యాగం అంటావు. ఎందుకక్కా అబద్ధం? నేను నోరు మూసుకున్నది కోపంతో. బస్టాండు మొత్తం ముందు అంత మాట అంటావా, సరే, నా నోరు లేకుండా హోటలు ఎట్లా నడుస్తుందో చూడు అని మూసుకున్నాను. రేడియో తీసింది కోపంతో. పెదాల మీద వేలు పెట్టింది నిన్ను వెక్కిరించడానికి. నాలుగు రోజుల్లో వచ్చి నా గడ్డం పట్టుకుంటావనుకున్నాను. నువ్వు మొహం వెలిగిపోతూ తిరిగావు. ఆ వెలుగు చూస్తే ఇంకా మండింది.

రంజాను గురించి నువ్వు బాధపడొద్దు. రోజా ఉన్నదాన్ని, మజ్జిగలో ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసి చూడలేను. ఒక కన్నడ తాతకు పోసి చెప్పమన్నాను. ఉప్పు చాలదన్నాడు, వేశాను. నేనెందుకు రుచి చూడలేదని అడిగితే రోజా అని చెప్పాను. ఆ తాత చేతికర్ర పక్కన పెట్టి కూర్చున్నాడు. నువ్వు తాగందే నేను నడవనన్నాడు. తోడువాళ్ళు వెళ్ళిపోయినా లేవలేదు. పొద్దుగూకి మసీదులో బాంగు వినపడ్డాక నా లోటాలో మజ్జిగ ఆయనే పోశాడు. ఆ లోటా పట్టుకుని నేను ఏడ్చానక్కా. నీకు అడవిలో దొరికింది నాకు పొయ్యి దగ్గరే దొరికింది. అల్లా దయ. నీకు చెబుదామనుకున్నాను, నువ్వు చెప్పేది వినడానికే సరిపోయింది.

ఇక నువ్వు చెప్పలేకపోయిన దాని సంగతి. నాకు తెలుసు. నోరు మూసుకున్న మూడో వారం, బొరుగుల మూట కోసం సామాన్ల గది దాకా వచ్చాను. తలుపు అవతల నువ్వు ఆ బిడ్డ పేరు అంటున్నావు. మూట తీసుకోకుండా వెనక్కి వచ్చేశాను. కోపం ఆ రోజే పోయింది. అక్కడి నుంచి పెదాల మీద వేలు పెట్టింది నిజంగానే పెట్టాను.

పంతొమ్మిదేళ్ళు నేను ఎందుకు వాగానో నీకు తెలియదు. నా నోరు పుట్టుకతో పెద్దదనుకున్నావు కదా? పెళ్ళికి ముందు నేను మూగదాన్నేమోనని మావాళ్ళు బెంగ పెట్టుకున్నారు. మన హోటలు మొదటి రోజు నీకు గుర్తుండదు. నీ చేతికి కత్తి ఇచ్చి, ఉల్లిగడ్డలు కొయ్యమని, నేను శనగపిండి కలుపుతున్నాను. కోసే చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే నువ్వు కత్తి వైపు చూస్తున్నావు. ఉల్లిగడ్డ వైపు కాదు, కత్తి వైపు. "అక్కా, మా ఇంటాయన నిన్న ఒకామె రవికకు మూడు చేతులు కుట్నాడు" అని నోటికొచ్చింది అనేశాను. పచ్చి అబద్ధం. నువ్వు తలెత్తి నన్ను చూశావు. కత్తి మళ్ళీ ఉల్లిగడ్డ మీదికి పోయింది. ఇక ఆపలేదక్కా. నేను ఆపితే నువ్వు ఎక్కడికి పోతావోనని భయం. చెప్పడానికి మాటలు లేని రోజు ఊళ్ళో వాళ్ళ మీద చాడీలు కల్పించి చెప్పాను. ఖురాన్ చదివేదాన్ని, అవన్నీ ఎక్కడ లెక్క చెప్పుకుంటానో తెలియదు.

ఈ రెండు నెలలు నేను ఆపాను. నువ్వు ఎక్కడికీ పోలేదు. ఆ పేరు చెప్పుకుని, మొహం కడుక్కుని, వచ్చి బొరుగులు పిండుకున్నావు. ఇక నా వాగుడు నీకు అక్కర్లేదని అప్పుడు తెలిసింది. సంతోషమేసింది. లోపల కొంచెం దిగులూ వేసింది. ఆశ్రమానికి పోతానంటే అందుకే అడ్డం రాలేదు. నువ్వు బస్సెక్కిన మర్నాడు నరసన్న మీద అరిచానంటే, ఆ పొద్దు చప్పుడు లేని హోటల్లో నేను నిలబడలేకపోయాను.

శుక్రవారం బస్సుకు రా. రానిస్తావా అని ఇంకోసారి అడిగితే మాత్రం నిజంగానే తిడతాను. నీ శాంతి పోతే పోతుంది, మళ్ళీ వస్తుంది, పొయ్యి మీద పాలు చూసుకున్నట్టు మధ్య మధ్యలో చూసుకుందాం.

శివాని మొహం నాకు బాగా గుర్తుంది. గొంతే గుర్తు రావడం లేదు. ఎట్లా మాట్లాడేది, దేనికి అలిగేది, నన్ను ఏమని పిలిచేది, అన్నీ చెబుదువు. సామాన్ల గదిలో కాదు, ఇక్కడ, నా పక్కన కూర్చుని. ఎంతసేపైనా చెప్పు. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడను.

నీ కోసం ఎదురుచూస్తున్న
నబీసా